రగ్బీలో బ్రేక్‌డౌన్ (టాక్ల్ అయ్యాక బంతి కోసం జరిగే పోటీ) దగ్గర రెఫరీ ఏం చూడాలి? మెల్‌బోర్న్ టెస్టు మీద లొల్లి ఇక్కడే తేల్చుకుందాం

ఓరుగల్లు ఫ్లాంకర్ (హనుమకొండ):
వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా కొట్లాడుకుంటున్నాం కాబట్టి అంతా ఒక్క దగ్గర పెడుతున్నా. 2025 జులై 26, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్, లయన్స్‌తో (బ్రిటన్, ఐర్లాండ్‌ల ఉమ్మడి టీము) ఆస్ట్రేలియా రెండో టెస్టు. ఆఖరి నిమిషంలో లయన్స్ ఆటగాడు హ్యూగో కీనన్ ట్రై (గోల్ లైన్ దాటి బంతి నేలకు ఆనించడం) పెట్టాడు. దానికి ముందు రక్‌లో (నేల మీది బంతి కోసం రెండు టీములవాళ్లు నిలబడి నెట్టుకునే చోటు), బంతి మీద వంగిన ఆస్ట్రేలియా ఆటగాడు కార్లో టిజ్జానోను లయన్స్ ఆటగాడు జాక్ మోర్గన్ కింద నుంచి వచ్చి లేపేశాడు, అతను తల వెనక పట్టుకుని పడిపోయాడు. రెఫరీ ఆండ్రియా పియార్డి టీఎంవోతో (టీవీ రీప్లేలు చూసే అధికారి) రీప్లేలు చూసి, ఇద్దరూ ఒకేసారి వచ్చారు, తప్పేం లేదు అని ట్రై ఇచ్చేశాడు. 29-26. పెనాల్టీ ఇచ్చి ఉంటే 26-24తో ఆస్ట్రేలియా గెలిచేది, సిరీస్ 1-1 అయ్యేది.
నా మాట సూటిగా చెప్తా. ట్రై ఇవ్వడం కరెక్టే. జాకల్‌కి దిగినవాడు (కిందపడ్డవాడి దగ్గర బంతి లాక్కోవడానికి వంగినవాడు, జాకలర్) వీపు నేలకు సమాంతరంగా, తల మోకాళ్ల ఎత్తులో పెడతాడు. అంత కింద ఉన్నవాణ్ని పక్కకు నెట్టాలంటే భుజం ఎక్కడ తగలాలి మరి? ఇంకెక్కడ పట్టుకోవాలో చెప్పమనండి ఎవరినైనా.

మెల్‌బోర్న్ మామ (పుట్టింది నర్సంపేట, ఉండేది మెల్‌బోర్న్):
స్టేడియంలో ఉన్నా తమ్మీ ఆ రోజు. తొంభై వేల మందికి పైగా జనం. 23-5తో ముందున్న మ్యాచ్ పోయిందంటే ఎట్లుంటదో నీకు టీవీలో తెల్వదు. సరే, ఏడుపు పక్కన పెట్టి లా మాట్లాడదాం. రగ్బీ లా పుస్తకంలో 9.20 చదువు. రక్‌లోకి గుద్దుకుంటూ రావద్దు, చేతులతో ఎవరినన్నా పట్టుకోకుండా తగిలితే అది గుద్దడమే. ఇంకో ముక్క కూడా ఉంది, ఎదుటివాడి భుజాల గీత పైన తగలొద్దు. మోర్గన్ భుజం ఎక్కడ తగిలింది? మెడ దగ్గర. అప్పటి ఆస్ట్రేలియా కోచ్ జో ష్మిట్ మ్యాచ్ అయిపోంగనే అన్నది కూడా ఈ 9.20 గురించే. ఆటగాళ్ల తల కాపాడాలని మూడు నాలుగేళ్ల నుంచి చెవులు వాచేటట్టు చెప్తున్నారు కదా, అది సిరీస్ తేలే నిమిషంలో కూడా వర్తించాలి.

ఓరుగల్లు ఫ్లాంకర్:
మామా, 9.20 రక్ గురించి, మాల్ (బంతి చేతిలో ఉన్నవాడి చుట్టూ నిలబడి నెట్టుకోవడం) గురించి. రక్ కావాలంటే రెండు టీముల నుంచి ఒక్కొక్కడన్నా కాళ్ల మీద నిలబడి బంతి పైన ఒకరికొకరు ఆనుకోవాలి. అప్పటికి బంతి మీద ఉన్నది టిజ్జానో ఒక్కడే అయితే, మోర్గన్ వచ్చి తగిలితేనే రక్ అయింది. లేని రక్‌లోకి గుద్దడం ఏంది?

మెల్‌బోర్న్ మామ:
వకీలు సాబ్ వచ్చిండు. రక్ కాకపోతే 9.11 ఉంది. ప్రమాదకరంగా ఏదీ చేయొద్దు అని. అది రక్ అయినా కాకపోయినా వర్తిస్తది. ఇప్పుడు ఎటు పోతవ్?

కాజీపేట కుర్రోడు:
అన్నా నేను కొత్త. యూట్యూబ్‌లో క్లిప్పులు చూసి ఇటు వచ్చా. నంబర్లు కాదు, జర మామూలు మాటల్లో చెప్పండి. కిందపడ్డాక ఎవడు బంతి ముట్టుకోవచ్చు, ఎవడు ముట్టుకోవద్దు? విజిల్ వేసిన ప్రతిసారి ఇద్దరు కెప్టెన్లూ చేతులెత్తి అడుగుతారు, నాకైతే ఇద్దరిదీ కరెక్టే అనిపిస్తది.

పీఈటీ సారు (జగిత్యాల):
బాబూ, నువ్వు కబడ్డీ చూసినవాడివే కదా, అట్లా అర్థం చేసుకో. రైడర్‌ను పట్టుకున్నాక కుప్పలో చెయ్యి మధ్య గీతకు తగిలిందా లేదా, తగిలినప్పటికి కూత ఉందా తెగిందా, పట్టుకున్నవాడి కాలు అప్పటికే బయట పడిందా, ఇవన్నీ ఒక్క క్షణంలో జరుగుతాయి, అంపైర్ ఏది ముందు జరిగిందో చెప్పాలి. రగ్బీలో ఆ కుప్ప మ్యాచ్ పొడుగునా పడుతూనే ఉంటుంది.
ఇక వరస చెప్తా. బంతి ఉన్నవాడు కిందపడ్డాడు. మొదటి బాధ్యత టాక్లర్‌ది, అంటే వాణ్ని పట్టి పడేసినవాడిది. వాణ్ని, బంతిని వెంటనే వదిలి పక్కకు జరగాలి. ఆడాలనుకుంటే ముందు లేచి నిలబడాలి, తనవైపు నుంచే రావాలి. 2018కి ముందు టాక్లర్ లేచి ఏ వైపు నుంచైనా బంతి అందుకోవచ్చు, అది తీసేశారు. రెండోది కిందపడ్డవాడి బాధ్యత. బంతిని వదలాలి, లేదా వెంటనే పెట్టాలి, బంతి మీద పడుకోకూడదు. మూడు, తర్వాత వచ్చేవాళ్లు. తమ గోల్ లైన్ వైపు నుంచి రావాలి, కాళ్ల మీద ఉండాలి. రక్ అయ్యాక ఎవరూ చేతులు పెట్టకూడదు, ఒక్క మినహాయింపు ఏంటంటే రక్ అవ్వకముందే చేతులు బంతి మీద వేసి, ఇంకా కాళ్ల మీదే ఉన్నవాడు కొనసాగొచ్చు.
కెప్టెన్లు ఇద్దరూ కరెక్టే అనిపిస్తుంది అన్నావు చూడు, చాలాసార్లు అది నిజమే. టాక్లర్ వదలలేదు, అందుకే కిందోడు బంతి వదలలేదు, అందుకే జాకలర్ చేతులు లాగుతూ ముందుకు ఒరిగాడు, అందుకే వెనక నుంచి వచ్చినవాడు పక్క నుంచి గుద్దాడు. నాలుగు తప్పులు, ఒక్క విజిల్. రెఫరీ దేన్ని పట్టుకుంటే అది తీర్పు.

బొగ్గుగని ప్రాప్ (గోదావరిఖని):
సారు చెప్పినదాంట్లో ఒకటి కలుపుతా, ఎందుకంటే టీవీ ముందు కూర్చున్నోళ్లు ఇది పట్టించుకోరు. కాళ్ల మీద ఉండడం అంటే లాలో ఏం రాసి ఉందంటే, ఒంట్లో ఇంకే భాగమూ నేల మీద గానీ, కిందపడ్డవాళ్ల మీద గానీ ఆనకూడదు. అంటే మోచెయ్యి పడ్డవాడి ఛాతీ మీద ఆనిందంటే నువ్వు కాళ్ల మీద లేనట్టే. ఒకసారి ఎవరైనా చేసి చూడండి. మా దగ్గర మొరం గ్రౌండు, పొద్దున పొద్దున పిల్లలకు నేర్పిద్దామని దిగినం. కాళ్లు భుజాల కంటే వెడల్పు, మోకాళ్లు కొంచెం వంచి, నడుము నుంచి వంగి, రెండు చేతులు బంతి కిందకు. బాగానే ఉంది. వెనక నుంచి తొంభై కిలోలవాడు వచ్చి నడుం దగ్గర తగలంగనే మోచెయ్యి దానంతట అదే పోయి కిందోడి మీద ఆనుతది. ఆపుకోలేవు. ఆనకుండా ఉండాలంటే తొడలు, నడుము ఇనుము కావాలె. మొరం మీద మోచెయ్యి తోలు లేచిపోయిన పిల్లలే సాక్ష్యం. అందుకే ఆస్ట్రేలియా డేవిడ్ పోకాక్, న్యూజిలాండ్ రిచీ మెకా లాంటోళ్లు అంత గొప్పోళ్లయిండ్రు, రెఫరీ కళ్లముందర అరక్షణం ఎక్కువ నిలబడగలిగిండ్రు.
కానీ అసలు అన్యాయం ఎక్కడంటే, జాకలర్ విషయంలో అంత గట్టిగా చూసే రెఫరీలు, ఎటాకింగ్ టీమువాళ్లు బంతి మీద అడ్డంగా వాలిపోతే చూసీ చూడనట్టు పోతరు. వాళ్లు కాళ్ల మీద ఉన్నరా? పది రక్‌లు చూడు, ఎనిమిదింట్లో ఉండరు.

ఓరుగల్లు ఫ్లాంకర్:
ప్రాప్ అన్న జాకల్‌కి దిగే ఫ్లాంకర్ల తరఫున మాట్లాడుడు మొదటిసారి చూస్తున్నా 😄

కాజీపేట కుర్రోడు:
సార్ థాంక్స్. మరి 2023లో ఐర్లాండ్ మ్యాచ్ చివర్లో ఏమైంది? రీల్స్‌లో ఎప్పుడూ అదే వస్తది.

నిజామాబాద్ అక్క:
2023 అక్టోబర్ 14, వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్. మనకు అర్ధరాత్రి 12:30కి మొదలైంది. న్యూజిలాండ్ 28-24తో ముందుంది. టైం అయిపోయినా ఐర్లాండ్ బంతి వదలకుండా 37 ఫేజులు (టాక్ల్‌కి టాక్ల్‌కి మధ్య ఆట ఒక ఫేజు) ఆడింది. అన్ని ఫేజుల్లో న్యూజిలాండ్ ఒక్క పెనాల్టీ ఇవ్వకుండా కాచుకోవడమే గొప్ప. చివరికి న్యూజిలాండ్ ఆటగాడు సామ్ వైట్‌లాక్ బంతి మీద పడ్డాడు, రెఫరీ వేన్ బార్న్స్ విజిల్, అంతే. ఐర్లాండ్ వరుసగా 17 మ్యాచ్‌ల గెలుపు అక్కడితో ఆగింది, వాళ్ల కెప్టెన్ సెక్స్‌టన్‌కి అదే ఆఖరి మ్యాచ్.

ఎల్కతుర్తి ఐరిష్ (పక్కా ఐర్లాండ్ అభిమాని):
అక్కా మీరు "బంతి మీద పడ్డాడు" అని భలే కరెక్టుగా అన్నారు. పడ్డాడు! నిలబడలేదు. వైట్‌లాక్ చేతులు ముందు బంతి దాటి నేల మీద పోయాయి, తర్వాత వెనక్కి లాగాడు. 37 ఫేజులు గాలి పీల్చకుండా ఆడినవాళ్ల మీద అట్లాంటి పెనాల్టీ వేస్తారా?

నిజామాబాద్ అక్క:
నా మాటను నా మీదికే తిప్పావు కదరా. సరే, ఒక విషయం గమనించు. ఆ టైంలో బార్న్స్ ఏ వైపు నిలబడ్డాడు? పక్కనే. అతను చూసింది వైట్‌లాక్ బరువు కాళ్ల మీదకు వచ్చి, బంతి పట్టుకుని లాగుతుంటే కింద ఉన్నవాడు వదలకపోవడం. మొదటి ఫేజులో ఇచ్చే పెనాల్టీనే ముప్పై ఏడో ఫేజులో కూడా ఇచ్చాడు. దాన్ని నేను మెచ్చుకుంటా. ఆఖరి నిమిషం అని విజిల్ జేబులో పెట్టుకునే రెఫరీ కంటే ఇది నయం. ఐర్లాండ్ అక్కడ క్లియర్ అవుట్‌కి (జాకలర్‌ను బంతి మీద నుంచి నెట్టేయడానికి) ఒక్కడు ఆలస్యంగా వచ్చాడు, అది రెఫరీ తప్పా?

ఎల్కతుర్తి ఐరిష్:
ఆలస్యం ఎందుకు అయిందంటే 37 ఫేజులు అక్కా!! కాళ్లు అరిగిపోవా

మెల్‌బోర్న్ మామ:
@నిజామాబాద్ అక్క: మీరు చెప్పిందే నా వాదన. మొదటి నిమిషంలో ఇచ్చేది ఎనభైయ్యో నిమిషంలో కూడా ఇవ్వాలి. మోర్గన్ క్లియర్ అవుట్ పదో నిమిషంలో జరిగి ఉంటే పియార్డి పెనాల్టీ ఇచ్చేటోడు అని నేను పందెం కాస్తా. ట్రై పడ్డాక, సిరీస్ దాని మీద ఆధారపడ్డాక, అందరి కళ్లు నీ మీద ఉన్నాక, మనిషి ట్రై తీసేయడానికి వెనకాడుతడు. అది లా కాదు, భయం.

పీఈటీ సారు:
లేదా అటు నుంచి కూడా చెప్పొచ్చు. పదో నిమిషంలో అయితే ఎవరూ రీప్లే కూడా అడగరు, ఆట సాగిపోయేది. ఆ రోజు అంతకుముందు రెండు టీములూ చేసిన క్లియర్ అవుట్లలో అట్లాంటివి ఎన్ని పోయాయో మీరే మళ్లీ చూడండి మామగారూ.

భూపాలపల్లి బాక్స్‌కిక్:
స్లో మోషనే అన్నిటికీ మూలం. మామూలు వేగంలో చూస్తే టిజ్జానో ముందుకు వంగాడు, మోర్గన్ వచ్చాడు, తగిలింది. స్లో మోషన్‌లో చూస్తే హత్యాయత్నం లాగా ఉంటది. ప్రపంచంలో ఏ ఆటైనా పావు వేగంతో చూస్తే అందరూ నేరస్తులే.

ఓరుగల్లు ఫ్లాంకర్:
కదా! టిజ్జానో వెనక్కి ఎగిరిన తీరు మీద నేనేం అనను, దెబ్బ తగిలినవాడికే తెలుస్తది నొప్పి. కానీ రెఫరీ చూడాల్సింది దెబ్బ తిన్నవాడి మొహం కాదు, కొట్టినవాడి చేతులు, ఎత్తు, వచ్చిన దారి. మోర్గన్ గేట్ నుంచి (తన గోల్ లైన్ వైపు నుంచి) వచ్చాడు, కిందకు వంగి వచ్చాడు, చేతులు చాపాడు. నేను చూసింది ఇంతే.

మెల్‌బోర్న్ మామ:
ఒక చెయ్యి.

బొగ్గుగని ప్రాప్:
ఒక చెయ్యా రెండు చేతులా అనేది టీవీ కోణం మీద ఆధారపడి ఉంటది మామా, అవతలి చెయ్యి కనపడనే కనపడదు.

హుజూరాబాద్ బోక్ (స్ప్రింగ్‌బాక్స్, అంటే సౌతాఫ్రికా టీము వీరాభిమాని):
మీరంతా 2025 గురించి కొట్టుకుంటున్నరు, మాకు 2011 ఇంకా మానలేదు. వెల్లింగ్టన్, క్వార్టర్ ఫైనల్, ఆస్ట్రేలియా 11 సౌతాఫ్రికా 9. రెఫరీ బ్రైస్ లారెన్స్. బంతి మొత్తం మాది, ఆటంతా వాళ్ల సగంలో, కానీ ప్రతి రక్‌లో పోకాక్. అటు నుంచి వచ్చిండు, ఇటు నుంచి వచ్చిండు, కింద పడి కూడా చేతులు పెట్టిండు, విజిల్ లేదు. మామా ఇప్పుడు లా పుస్తకం తెరిచి 9.20 అంటున్నరు కదా, ఆ రోజు ఆస్ట్రేలియావోళ్లు ఆ పుస్తకం ఎక్కడ పెట్టిండ్రో.

మెల్‌బోర్న్ మామ:
2011లో నేను హనుమకొండలో బీటెక్ చదువుతున్నా, నన్నెందుకు పట్టుకున్నవ్ 😂

హుజూరాబాద్ బోక్:
అదే వరల్డ్ కప్ ఫైనల్ చూడండి ఇంకా. న్యూజిలాండ్ 8 ఫ్రాన్స్ 7, రెఫరీ క్రెయిగ్ జూబెర్ట్. రెండో సగంలో ఫ్రాన్స్ దండెత్తింది, రక్‌లో ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్) చేసిన పనులకు ఒక్కదానికి విజిల్ పడ్డా ఆ కప్పు వేరేవాళ్లది. అందుకే మా సౌతాఫ్రికా రగ్బీ డైరెక్టర్ రాస్సీ ఎరాస్మస్ 2021లో లయన్స్ మొదటి టెస్టు తర్వాత గంటకు పైగా వీడియో పెట్టిండు. రెఫరీ నిక్ బెర్రీ ఇచ్చిన ఒక్కొక్క నిర్ణయం చూపిస్తూ. తప్పేముంది అందులో? రెఫరీ దేవుడా?

నిజామాబాద్ అక్క:
తప్పేముందా? రెండు నెలలు ఆట మొత్తం నుంచి నిషేధం పడింది, తర్వాత 2022 సెప్టెంబర్ చివరి దాకా మ్యాచ్ రోజు పనులకు దూరం పెట్టారు. ఆ వీడియో వల్ల బెర్రీ కుటుంబం ఎంత ఇబ్బంది పడిందో చదువు. బార్న్స్ కూడా 2023 ఫైనల్ తర్వాత మానేశాడు, 111 టెస్టులు చేసిన మనిషి, ఇంటికి బెదిరింపులు వచ్చాయని చెప్పాడు. అదే ఫైనల్‌కి టీఎంవోగా ఉన్న టామ్ ఫోలీ కూడా అంతర్జాతీయ మ్యాచ్‌లు వదిలేశాడు. నిర్ణయం మీద ఎంతైనా మాట్లాడదాం. మనిషి మీదికి పోతే నేను ఈ చర్చలో ఉండను.

వేదిక నిర్వాహకుడు:
అక్క చెప్పిందే రూల్. రెఫరీల ఇంటివాళ్ల గురించి, వాళ్ల దేశం గురించి రాసినవి తీసేస్తాం. ఇప్పటికే రెండు తీసేశాం. ఎవరివో వాళ్లకు తెలుసు.

భూపాలపల్లి బాక్స్‌కిక్:
మూడ్ మార్చడానికి ఒకటి. 2017 ఫిబ్రవరి, ట్వికెన్‌హామ్, ఇంగ్లాండ్ మీద ఇటలీ. ఇటలీవాళ్లు ఏం చేశారంటే, టాక్ల్ చేశాక ఎవ్వరూ బంతి మీదికి పోలేదు. రక్ అవ్వాలంటే రెండు వైపులా ఉండాలి కదా, వాళ్లు రానే రాకపోతే రక్ లేదు, రక్ లేకపోతే ఆఫ్‌సైడ్ లైన్ లేదు, దర్జాగా పోయి ఇంగ్లాండ్ స్క్రమ్ హాఫ్ (రక్ నుంచి బంతి తీసి అందించేవాడు) పక్కన నిలబడ్డారు! ఇంగ్లాండ్ ఆటగాడు జేమ్స్ హాస్కెల్ పోయి రెఫరీ రొమాన్ పోయిట్‌ను ఇప్పుడు మేం ఏం చెయ్యాలి అని అడిగితే, నేను రెఫరీని, కోచ్‌ని కాదు అన్నాడు. మైకులో అందరికీ వినిపించింది. ఇంగ్లాండ్ చివరికి 36-15తో గెలిచిందిలే, కానీ మొదటి సగం మొత్తం ఎడ్డి మొహాలు వేసుకుని తిరిగారు. తర్వాత లా మార్చారు, ఇప్పుడు ఒక్కడు బంతి మీద నిలబడ్డా ఆఫ్‌సైడ్ లైన్ వస్తుంది.

కాజీపేట కుర్రోడు:
అరే ఇదైతే మస్తుంది. అంటే లా మారిస్తే రెఫరీ గొడవ తగ్గుతదా అన్నా?

ఓరుగల్లు ఫ్లాంకర్:
నేను మొదటి నుంచి అనేది అదే తమ్మీ. రెఫరీని తిడితే ఒక్క మ్యాచ్ తిట్టినట్టు. మొసలి రోల్ చూడు. జాకలర్ నడుము చుట్టూ చెయ్యి వేసి పక్కకు తిప్పి పడేసేవాళ్లు, కింద ఇరుక్కున్న కాలు మోకాలి దగ్గర విరిగేది. ఏళ్ల తరబడి రెఫరీ చూడాలె, చూడాలె అన్నారు. 2024 జులై నుంచి పూర్తిగా నిషేధించారు. ఇప్పుడు దాని మీద పెద్ద వాదనే లేదు, తిప్పినవా, పెనాల్టీ, అంతే. క్లియర్ అవుట్‌కి కూడా అట్లాంటి కొలత ఒకటి పెట్టాలి.

బొగ్గుగని ప్రాప్:
ఎట్లాంటి కొలత? చెప్పుడు ఈజీ. జాకలర్ చేతులు బంతికి తగలంగనే టర్నోవర్ (బంతి వాళ్లదే) అనేసేద్దామా? అప్పుడు ఎవడూ బంతి పట్టుకుని ముందుకు పోడు, అందరూ బంతిని తన్నుకుంటూ కూర్చుంటరు. ఎటాక్‌కే అంతా ఇద్దామా? అప్పుడు పద్నాలుగు మంది గోడ లాగా నిలబడతరు, అది పదమూడు మందితో ఆడే రగ్బీ లీగ్ అవుతది. బంతి కోసం పోటీ ఉండాలి, పోటీ ఉంటే అరక్షణం గందరగోళం ఉంటది. నాకైతే ఆ గందరగోళం పోతే ఈ ఆట చూడబుద్ధి కాదు.

నిజామాబాద్ అక్క:
2025 మహిళల వరల్డ్ కప్ చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? సెమీస్‌లో న్యూజిలాండ్‌ను కెనడా 34-19తో కొట్టింది, అదంతా రక్ వేగమే. కింద పడ్డ అమ్మాయి బంతిని చెయ్యి పొడుగునా వెనక్కి పెట్టేస్తుంది, వచ్చే ఇద్దరూ కిందకు వంగి వస్తారు, జాకలర్‌కి దిగే టైమే ఉండదు. రెఫరీకి తీర్పు చెప్పే అవసరమే రాకుండా ఆడారు. ఫైనల్‌లో ఇంగ్లాండ్ 33-13తో గెలిచింది, అది వేరే సంగతి, ఇంగ్లాండ్ ఫార్వర్డ్‌లు ఆ టైం ఇవ్వలేదు. హోలీ డేవిడ్‌సన్ రెఫరీ. రక్ అవ్వకముందే "వదులు", "చేతులు తియ్యి" అని చెప్తూ ఉంటుంది, విన్నవాళ్లు బతికిపోతారు.

ఎల్కతుర్తి ఐరిష్:
అట్లా ముందే చెప్పడం కూడా తప్పే అంటా నేను. ట్రాఫిక్ పోలీసా? తప్పు చేస్తే వెయ్యి, లేకపోతే ఊరుకో.

పీఈటీ సారు:
ముందే చెప్పకపోతే ఎనభై నిమిషాల్లో నలభై పెనాల్టీలు పడతాయి, నువ్వే మొదట టీవీ కట్టేస్తావు.
జిల్లా స్థాయిలో పిల్లల సెవెన్స్‌కి విజిల్ పట్టుకున్నవాడిగా చెప్తున్నా. ఒక టోర్నీలో, ఏదని అడగొద్దు, నిర్వాహకులు లైన్ దగ్గర అసిస్టెంట్లను పెట్టలేదు, పెద్ద టీము కోచ్ మాత్రం ప్రతి రక్‌కి పక్కనే నడుస్తూ చెవిలో పోరు. పదో పదకొండో రక్ దాకా తట్టుకుంటాం, తర్వాత మనకు తెలియకుండానే ఆ గొంతు ఎటు చూడమంటే అటే చూస్తాం. టెస్టు మ్యాచ్‌లో కెప్టెన్లు చేసేది ఇదే, కాస్త మర్యాదగా. మెకా అందుకు పేరు మోసినవాడు. కాబట్టి నా మటుకు, రెఫరీ టాక్లర్‌తో మొదలుపెట్టి ప్రతిసారీ అదే వరసలో చూస్తున్నాడా లేదా, అది ఒక్కటే అడుగుతా. వరస తప్పకపోతే ఒక పెనాల్టీ అటూ ఇటూ అయినా నాకు కోపం రాదు.

మెల్‌బోర్న్ మామ:
సారు మాటకు ఎదురు చెప్పను. కానీ ఆ వరసలో చూసినా మోర్గన్ మూడో వాడు, మూడో వాడి దగ్గర తప్పు ఉంది. నా లెక్కలో ఆ మ్యాచ్ 26-24. మూడో టెస్టు సిడ్నీలో 22-12తో గెలిచి కడుపు నింపుకున్నం.

ఓరుగల్లు ఫ్లాంకర్:
నీ ఇష్టం మామా, దసరాకి వచ్చినప్పుడు నక్కలగుట్టలో చాయ్ తాగుకుంట మళ్లీ కొట్లాడుదాం. అప్పటిదాకా 29-26.

కాజీపేట కుర్రోడు:
సార్, ఇంకొక్క డౌట్. సెవెన్స్‌లో ఇవే రూల్సా? రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ మ్యాచ్‌లు చూస్తే రక్‌లో అసలు జనమే కనపడలేదు. మా ఫ్రెండ్స్ కొంతమంది ఆడదాం అంటున్నరు.

పీఈటీ సారు:
రూల్స్ అవే. ఉండేది ఏడుగురే కాబట్టి రక్‌కి ఇద్దరిని పంపితే మైదానం ఖాళీ అయిపోతుంది, అందుకని ఒక్కడే వస్తాడు, ఒక్కోసారి ఎవరూ రారు. అందుకే సెవెన్స్‌లో జాకలర్‌కి మేలు ఎక్కువ. కొత్తవాళ్లు ముందు టాక్ల్ చేసి వదిలి, లేచి నిలబడి, అప్పుడు బంతి పట్టుకోవడం నేర్చుకోండి, చేతులు తర్వాత. మీవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పు, హనుమకొండలో ఫ్లాంకర్ ఉన్నాడు, వాడు చూపిస్తాడు.

ఓరుగల్లు ఫ్లాంకర్:
ఆదివారం పొద్దున ఆరింటికి సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకి రా తమ్మీ. గడ్డి ఉన్న వైపు. ఫుల్ చేతుల షర్ట్ వేసుకురా.